ముంగిస కథ నడిచి వెళ్లిన ఊరు

(మాంచెస్టర్‌లో తెలుగు కుటుంబాలు నెలకోసారి కలుసుకునే సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ఈ వానలో పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం.

ముందు ఒక మాట అడుగుతాను. మీలో వేల్స్‌లోని స్నోడన్ కొండ ఎక్కినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చూశారా, సగానికి పైనే ఉన్నారు. సరే, చేతులు అలాగే ఉంచండి. వాళ్లలో కొండకు దక్షిణాన ఉన్న బెద్‌గెలెర్ట్ అనే ఊళ్లో ఆగినవాళ్లు ఎవరు? ఒకరు... ఇద్దరు... అక్కడ వెనక ఒకరు. ముగ్గురు.

(సభలోంచి: ఐస్‌క్రీం కోసం ఆగాం సార్!)

మంచి పనే చేశారమ్మా, అక్కడ ఐస్‌క్రీం బాగుంటుంది. కానీ ఐస్‌క్రీం తిని మళ్లీ కారెక్కేశారు కదా? మేమూ చాలా ఏళ్లు అంతే. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పులిహోర డబ్బాలకెత్తి, కొండ ఎక్కి, దిగి, మోకాళ్లు పట్టుకుని ఆ రాత్రికే ఇల్లు చేరడం. ఆ ఊరు మాకు దారిలో స్పీడు తగ్గించాల్సిన చోటు, అంతే. అక్కడ రెండు రాత్రులు ఉన్నాకగానీ ఇన్నేళ్లూ ఏం వదిలేసుకున్నామో నాకు తెలియలేదు. ఈ అక్టోబరు సెలవుల్లో మీరు అలా వదిలేసుకోకూడదనే ఈ రోజు మాట్లాడతానని అడిగాను.

ముందు ఊరి పేరు పలకడం నేర్చుకుందాం. వేల్స్‌వాళ్ల భాష వెల్ష్‌లో రెండు 'డి'లు పక్కపక్కన రాస్తే మన 'ద'కు దగ్గరగా పలుకుతారు. ఇంగ్లీషువాళ్లు కష్టపడతారుగానీ మన నోటికి అది చాలా తేలిక. బెద్‌-గెలెర్ట్. బెద్ అంటే సమాధి. గెలెర్ట్ సమాధి ఉన్న ఊరు. ఆ గెలెర్ట్ ఒక కుక్క అని అక్కడ చెప్పుకుంటారు.

ఊరు ఎంతో లేదు. చుట్టుపక్కల పొలాలు, లోయలు కలుపుకున్నా 2011 జనాభా లెక్కల్లో ఐదు వందల లోపే. గ్లాస్లిన్, కోల్విన్ అని రెండు ఏర్లు ఊరి మధ్యలో కలుస్తాయి. కోల్విన్ మీద పాత రాతి వంతెన, దానికి రెండు కమానులు. దాని పక్కన నల్లరాతి ఇళ్లు, పలకరాతి కప్పులు. వాన పడ్డప్పుడు ఆ కప్పులు నీలంగా మెరుస్తాయి. అక్కడ వానకు కరువు లేదు కాబట్టి ఆ మెరుపు మీకు తప్పక కనబడుతుంది. నేను అనంతపురం జిల్లావాణ్ని. ఎండిన ఏటి ఇసుకలో ఆడుకుని పెరిగినవాణ్ని. రెండు ఏర్లు నిండుగా పారుతూ ఒకచోట కలవడం చూస్తే నాకు ఈ వయసులోనూ కాళ్లు ఆగిపోతాయి.

కలిసే చోటు నుంచి ఏటి గట్టున కిందికి నడిస్తే పచ్చిక బయలు వస్తుంది. గొర్రెలు మేస్తుంటాయి. చెట్ల కింద రాళ్లు, వాటి దగ్గర పలకల మీద వెల్ష్‌లో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి చెక్కిన కథ. 13వ శతాబ్దంలో ఉత్తర వేల్స్‌ను ఏలిన లెవెలిన్ రాజు ఒకరోజు వేటకు వెళ్లాడు. ఎప్పుడూ వెంట ఉండే గెలెర్ట్ ఆ రోజు కనబడలేదు. తిరిగొచ్చేసరికి కుక్క తోక ఆడిస్తూ ఎదురొచ్చింది, ఒళ్లంతా రక్తం. లోపల పసిబిడ్డ ఊయల తలకిందులై ఉంది. రాజు కత్తి దూసి కుక్కను పొడిచేశాడు. దాని చావు అరుపుకు ఊయల కింద నుంచి బిడ్డ ఏడుపు వినిపించింది. పక్కనే చచ్చిపడి ఉన్న తోడేలు. ఆ తర్వాత రాజు ముఖాన నవ్వన్నదే లేదట.

మా అమ్మను అక్కడికి తీసుకెళ్లాను. పోయిన ఏడాది వేసవిలో అనంతపురం నుంచి వచ్చింది, డెబ్బై రెండేళ్లు. ఇంగ్లీషు చదవలేదు. మా చిన్నది, తొమ్మిదేళ్లది, ఆ పలక ముందు నిలబడి ఒక్కో వాక్యం చదువుతూ అవ్వకు తెలుగులో చెబుతోంది. దాని తెలుగు మీకు తెలిసిందే కదా, ఆగి ఆగి వస్తుంది. "అవ్వా, రాజు ఇంటికి వచ్చినాడు. కుక్క మూతికి అంతా రక్తం..." అనేసరికి మా అమ్మ చెయ్యెత్తి ఆపేసింది. "ఆగు పాపా. మిగతాది నేను చెప్తా" అంది.

అక్కడే పచ్చికలో కూర్చుని చెప్పింది. బ్రాహ్మడి ఇంట్లో పెంచిన ముంగిస. తల్లి బిందె తీసుకుని నీళ్లకు పోయింది. ఉయ్యాల్లో బిడ్డ. చూరులోంచి పాము దిగింది. ముంగిస దాన్ని ముక్కలు ముక్కలుగా కొరికేసి, బిడ్డను కాపాడినానని చెప్పుకోవాలన్న ఆత్రంతో మూతి తుడుచుకోకుండానే వాకిట్లోకి ఎదురు పరుగెత్తింది. తల్లి ఆ రక్తం చూసి, నీళ్లబిందె ఎత్తి దాని మీద వేసేసింది. "ఇది మన కథే కదరా నాయనా! ఇంత దూరం ఎట్ల వచ్చింది?" అని నన్ను అడిగింది.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. తిరిగొచ్చాక నెల రోజులు దాని వెంటే పడ్డాను.

ముంగిస కథ పంచతంత్రంలో చివరి భాగం, అపరీక్షితకారకంలోది. ముందూ వెనకా చూడకుండా చేసిన పనులన్నీ అందులో ఉంటాయి. 6వ శతాబ్దంలో పంచతంత్రం పారశీకుల పహ్లవీ భాషలోకి వెళ్లింది. 8వ శతాబ్దంలో ఇబ్న్ అల్ ముకఫ్ఫా దాన్ని అరబీలోకి తెచ్చాడు. అక్కడి నుంచి అనువాదాలుగా, నోటి మాటగా యూరప్ అంతా పాకింది. దారిలో ముంగిస కుక్క అయింది, ఎందుకంటే ఆ దేశాల ఇళ్లలో ముంగిసలు లేవు. ఫ్రాన్స్‌లో లియోన్ నగరం దగ్గర 13వ శతాబ్దంలో ఇదే కథ, అక్కడ ఇంకా పామే ఉంది. ఆ కుక్క పేరు గీన్‌ఫోర్. పల్లె తల్లులు జబ్బుపడ్డ బిడ్డల్ని ఎత్తుకుని దాని సమాధికి మొక్కులు మొక్కేవాళ్లు. ఎత్యెన్ ద బుర్బోన్ అనే మతాధికారి అది సహించలేక ఆ ఎముకలు తవ్వించి కాల్పించాడు. వేల్స్ చేరేసరికి పాము తోడేలైంది. ఆ కొండల్లో గొర్రెల కాపరికి ఏది భయమో అదే కథలోకి వచ్చింది. వెల్ష్‌లో ఒక పాత సామెత కూడా ఉంది, వేటకుక్కను చంపుకున్నవాడంత పశ్చాత్తాపపడ్డాడు అని. 19వ శతాబ్దం చివర్లో జోసెఫ్ జేకబ్స్ అనే కథల పరిశోధకుడు గెలెర్ట్ కథ మూలం భారతదేశంలో ఉందని ఈ దారి పట్టుకునే వెనక్కి వెళ్లి చూపించాడు. అందరికంటే ముందు కనిపెట్టానని నేను పొంగిపోతుంటే, నూరేళ్లకు ముందే ఆయన రాసిపెట్టారు. మా అమ్మ మాత్రం పచ్చికలో కూర్చుని ఒక్క నిమిషంలో తేల్చేసింది.

ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పాలి. ఆ సమాధి రాజు కట్టించింది కాదు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో డేవిడ్ ప్రిచర్డ్ అని ఒకాయన దక్షిణ వేల్స్ నుంచి ఆ ఊరొచ్చి పూటకూళ్ల ఇల్లు నడిపాడు. బాటసారులు ఆగాలంటే ఊళ్లో ఏదో ఒకటి ఉండాలి కదా. ఎప్పటి నుంచో ఉన్న ఊరి పేరుకు ఈ కథను అతికించి, ఆ రాళ్లు నిలబెట్టించింది ఆయనేనని చెబుతారు. అసలు ఊరి పేరు కెలెర్ట్ అనే పాతకాలపు సాధువుది అయి ఉండాలని పండితుల మాట.

ఇది తెలిసినప్పుడు నా స్నేహితుడొకరు "అంటే మోసమేగా?" అన్నారు. నాకు అలా అనిపించదు. మన ఊళ్లలో భీముడు కూర్చున్న బండ అనీ, సీతమ్మ పసుపు ఆరబోసిన చోటనీ చూపిస్తారు. ఆ బండ చుట్టూ ఎన్ని తరాల వాళ్లు కూర్చుని రామాయణ భారతాలు చెప్పుకున్నారు? కథ నిలబడటానికి ఒక చోటు కావాలి. ప్రిచర్డ్ ఆ చోటు ఇచ్చాడు. రెండు వందల ఏళ్లకు పైగా అక్కడ పిల్లలు కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు. కొంచెం అవతల పాడుబడ్డ రాతి గుడిసె, లోపల కంచు కుక్కబొమ్మ ఉంది. మా చిన్నది దాని మెడ చుట్టూ చేయి వేసి కూర్చుంది, లేవమంటే లేవలేదు. ఆ ఏడుపులో మోసం ఏముంది చెప్పండి?

సమాధి దగ్గరే ఆగిపోకండి. ఊరికి మైలు దూరంలో దీనస్ ఎమ్రిస్ అని చెట్లు కమ్ముకున్న గుట్ట ఉంది. క్రావ్లుయిన్ దగ్గర కారు పెట్టి, జలపాతం పక్కగా ఎక్కాలి. పాత కట్టడాలు, ప్రకృతి స్థలాలు కాపాడే నేషనల్ ట్రస్ట్ వాళ్లు దారి చేశారు. చివర్లో కొంచెం నిటారుగా ఉంటుందిగానీ పిల్లలు ఎక్కేస్తారు. స్నోడన్ కంటే నాకు ఈ గుట్టే ఇష్టం, గట్టిగా చెబుతున్నాను.

వేల్స్ జెండా మీద ఎర్ర డ్రాగన్ చూశారు కదా? దాని పుట్టిల్లు ఈ గుట్ట. వోర్టిగర్న్ అనే రాజు ఇక్కడ కోట కట్టబోతే, పగలు కట్టిన గోడ రాత్రికి కూలిపోయేదట. తండ్రి లేని పిల్లవాడి రక్తం చల్లితే గోడ నిలబడుతుందన్నారు ఆస్థానంలోని మంత్రగాళ్లు. వెతికి వెతికి ఒక పిల్లవాణ్ని పట్టుకొచ్చారు.

నాకు ఇక్కడ ఒళ్లు జలదరించింది. మా జిల్లాలో బుక్కరాయసముద్రం చెరువు ఉంది. కట్ట తెగిపోతుంటే ఊరు మునగకుండా ఆ ఊరి కోడలు ముసలమ్మ ప్రాణం ఇచ్చిందని మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. నిలబడని కట్ట, దానికి ఒక మనిషి. అదే లెక్క. కానీ ఈ గుట్ట మీద కథ మరోలా తిరిగింది. ఆ పిల్లవాడు భయపడలేదు, మాట్లాడాడు. "మీ మంత్రగాళ్లను అడగండి, ఈ నేల కింద ఏముందో వాళ్లకు తెలుసా?" అన్నాడు. వాళ్లకు తెలియలేదు. తవ్వితే మడుగు, మడుగులో రెండు డ్రాగన్లు, ఎర్రది, తెల్లది, కొట్టుకుంటూ ఉన్నాయి. వాటి కుదుపుకే గోడ కూలుతోంది. చివరికి ఎర్రది గెలిచింది. ఎర్రది మనవాళ్లు అంటే బ్రిటన్లు, తెల్లది వాళ్ల మీదికి వచ్చిన సాక్సన్లు అని అర్థం చెప్పాడు ఆ పిల్లవాడు. 9వ శతాబ్దపు లాటిన్ గ్రంథంలోనే ఈ కథ ఉంది. అందులో పిల్లవాడి పేరు అంబ్రోసియస్, వెల్ష్‌లో ఎమ్రిస్. తర్వాతి కాలంలో అతన్నే ఆర్థర్ రాజు కథల్లోని మాంత్రికుడు మెర్లిన్ అన్నారు. 1950లలో పురావస్తు పరిశోధకులు తవ్వితే గుట్ట మీద నిజంగానే పాతకాలపు నీటిగుంట బయటపడింది. పైన ఒక బురుజు పునాది కూడా ఉంది. నేను ఆ గుంట అంచున కూర్చుని ముసలమ్మ కథ పిల్లలకు చెప్పాను. "ఆమె కూడా అడిగి ఉంటే బాగుండేది నాన్నా" అన్నాడు మా పెద్దవాడు. నా దగ్గర జవాబు లేదు. ఇంకా ఆలోచిస్తున్నాను.

గుట్టకు ఎదురుగా ఏటి అవతల సిగన్ రాగి గని. 1903లో మూతపడింది, 1986లో చూసేవాళ్ల కోసం తెరిచారు. హెల్మెట్ పెట్టుకుని మనమే నడుచుకుంటూ చూసి రావచ్చు. ఎండాకాలంలోనూ లోపల చలి, స్వెట్టరు వేసుకోండి. గోడల మీద రాగి పచ్చగా, తుప్పు ఎర్రగా కారి గడ్డకట్టి ఉంటుంది. పిల్లలకు బాగా నచ్చుతుంది, పెద్దవాళ్లకు మెట్లు కొంచెం కష్టం.

ఇక రైలు. మాంచెస్టర్‌వాళ్లకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి. వెల్ష్ హైలాండ్ రైల్వే, కెర్నార్‌వన్ నుంచి పోర్త్‌మాడోగ్ దాకా 25 మైళ్లు. పట్టాల మధ్య దూరం రెండడుగులు కూడా ఉండదు. మొదటిసారి 1923లో పూర్తయింది, నష్టాలతో 1930లలోనే ఆగిపోయింది. పట్టాలు పీకేశారు. డెబ్బై ఏళ్ల తర్వాత మళ్లీ వేశారు. 2009లో రైలు బెద్‌గెలెర్ట్ చేరింది, 2011లో లైను మొత్తం తెరుచుకుంది. ఆ పనిలో జీతం లేకుండా చెమటోడ్చిన వలంటీర్లు ఎంతోమంది, ఇప్పటికీ నడిపేవాళ్లలో సగం వాళ్లే అనిపిస్తుంది. ఆ రైలును లాగే గారట్ అనే పెద్ద ఆవిరి ఇంజన్లు దక్షిణాఫ్రికాలో పనిచేసి వచ్చినవి. వాటిలో కొన్ని తయారైంది ఎక్కడో తెలుసా? మన మాంచెస్టర్‌లోని గోర్టన్‌లో, బేయర్ పీకాక్ కార్ఖానాలో. ఇక్కడ పుట్టి, సముద్రం దాటి, ఆఫ్రికాలో బండెడు చాకిరీ చేసి, తిరిగొచ్చి ఆ కొండల్లో ఉన్నాయి. ఊరు దాటగానే కెర్నార్‌వన్ వైపు రైలు నలభై అడుగులకు ఒక అడుగు ఎత్తున ఎక్కుతుంది, పాము మెలికలు తిరుగుతూ. కిటికీలోంచి చూస్తే మన రైలు తోకే పక్కన కనబడుతుంది.

పోర్త్‌మాడోగ్ వైపు అయితే అబెర్‌గ్లాస్లిన్ కనుమలో సొరంగాల్లోంచి వెళ్తుంది. కనుమ కింద ఏటి పక్కనే జాలర్ల బాట అని నడక దారి ఉంది. ఒకటి రెండు చోట్ల బండకు ఇనుప పట్టీలు బిగించారు, అవి పట్టుకుని దాటాలి. తడిసిన రాయి జారుతుంది, నేను ఒకసారి మోకాలు చీల్చుకున్నాను. మంచి బూట్లు లేకపోతే వెళ్లొద్దు, చిన్నపిల్లలతో అసలొద్దు. ఒకప్పుడు సముద్రపు పోటు ఆ కనుమ దాకా వచ్చేదట. విలియం మాడక్స్ అనే ఆయన 1811లో కింద సముద్రానికి అడ్డంగా మైలుకు దగ్గర పొడవున్న కట్ట వేయించాడు. మరుసటి ఏడు తుఫానుకు అది తెగింది. మళ్లీ పోశారు. చూశారా, నేను ఎక్కడికి పోయినా కట్ట కథే ఎదురొస్తుంది.

పడవలొచ్చిన చోట ఇప్పుడు పశువులు మేస్తున్నాయి. అటువైపు పోర్త్‌మాడోగ్ దగ్గరే 2004 నుంచి ఆస్ప్రే అనే చేపలు పట్టే గద్దలు గూడు కట్టుకుంటున్నాయి. ఏప్రిల్ నుంచి ఆగస్టు మధ్య వెళ్తే చూడొచ్చు, అక్టోబరులో ఉండవు.

నాకు అన్నిటికంటే మనసుకు పట్టిన సంగతి ఇంకొకటి. పొద్దున రొట్టెలకని అంగట్లోకి వెళ్తే, గల్లాపెట్టె దగ్గరున్న అమ్మాయి, పాలు తెచ్చిన ముసలాయన, బడికి వెళ్తున్న ఇద్దరు పిల్లలు, అందరూ వెల్ష్‌లో మాట్లాడుకుంటున్నారు. నేను లోపలికి రాగానే గౌరవంగా ఇంగ్లీషులోకి మారారు. నేను వెళ్లిపోగానే మళ్లీ వెల్ష్. 2021 లెక్కల్లో వేల్స్ మొత్తం మీద వెల్ష్ వచ్చినవాళ్లు 17.8 శాతమే. గ్వినెద్ జిల్లాలో 64.4. పక్కనే ఇంగ్లీషంత పెద్ద భాషను పెట్టుకుని, ఇన్ని వందల ఏళ్లుగా ఆ మాట నోట్లో నిలుపుకున్నారు. శనివారం తెలుగు బడికి పిల్లల్ని బతిమాలి పంపే మనకు అది ఎంత పెద్ద విషయమో వేరే చెప్పక్కర్లేదు. 2022లో స్నోడన్ చుట్టూ ఉన్న జాతీయ పార్కువాళ్లు స్నోడన్‌కు బదులు వెల్ష్ పేర్లే వాడాలని నిర్ణయించారు. కొండ పేరు అర్ విద్‌వ, ఆ ప్రాంతం ఎరరి. అర్ విద్‌వ అంటే కూడా సమాధి దిబ్బే. రాజుల గడ్డాలతో అంగీ కుట్టించుకున్న రాక్షసుడొకడు దాని కింద ఉన్నాడంటారు.

కాబట్టి రెండు మాటలు నేర్చుకుని వెళ్లండి. పొద్దున పలకరింపుకు "బోరె డా". ఏదైనా ఇస్తే "డియోల్‌ఖ్", ధన్యవాదాలని. మా చిన్నది "డియోల్‌ఖ్" అన్నప్పుడు ఆ అంగడి అమ్మాయి ముఖం చూడాల్సింది. లేచి బయటికి వచ్చి మరీ ఆ 'ఖ్' ఎలా పలకాలో దానికి నేర్పింది.

ఇంకొక సంగతి కూడా మనసులో పెట్టుకోండి. సెలవులకు వాడుకునే ఇళ్లు పెరిగి, అక్కడి కుర్రాళ్లకు సొంత ఊళ్లో ఇల్లు దొరకడం కష్టమైంది. 2023 నుంచి గ్వినెద్‌లో రెండో ఇంటికి కౌన్సిల్ పన్ను మీద అదనంగా 150 శాతం వేస్తున్నారు. అందుకే ఊరివాళ్లు నడిపే గెస్ట్‌హౌసులోనో, హోటల్లోనో దిగండి. రొట్టె, కూర, ఐస్‌క్రీం ఆ ఊళ్లోనే కొనండి. పులిహోర కూడా తీసుకెళ్లండి, వద్దనను, మా ఆవిడ ఒప్పుకోదు. కానీ ఒక పూటయినా అక్కడ తినండి.

రాత్రి ఉండమని ఎందుకు పట్టుబడుతున్నానంటే, సాయంత్రం ఐదు దాటితే టూరిస్టు బస్సులన్నీ వెళ్లిపోతాయి. ఊరు ఊరివాళ్లదవుతుంది. ఏటి చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. ఆ ప్రాంతాన్ని 2015లో చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. మబ్బు లేని రాత్రి వంతెన మీద నిలబడితే పాలపుంత కనబడుతుంది. మా అమ్మ శాలువా కప్పుకుని చాలాసేపు పైకి చూసి, "చిన్నప్పుడు మిద్దె మీద పడుకున్నప్పుడు ఇట్లే ఉండేది" అంది.

వెళ్లే దారి చెబుతాను. ఇక్కడి నుంచి రెండున్నర, మూడు గంటలు. కాపెల్ కూరిగ్ మీదుగా వెళ్లి, నాంట్ గ్వినాంట్ లోయలోకి దిగండి. ఆ దిగేటప్పుడు కింద చెరువు కనబడే చోట కారు ఆపుకునే స్థలం ఉంది, తప్పకుండా ఆపండి. కారు లేనివాళ్లకు పోర్త్‌మాడోగ్ నుంచి బస్సు ఉంది. రెయిన్‌కోట్లు మాత్రం అందరికీ, ఒక్కరిని కూడా వదలకండి.

ఏమైనా అడుగుతారా?

(సభలోంచి: మా అత్తగారికి మోకాళ్ల నొప్పులండీ. సమాధి దాకా నడవగలరా?)

నడవగలరమ్మా. ఏటి గట్టు దారి చదునుగా ఉంటుంది, ఎక్కడా ఎక్కుడు లేదు. మెల్లగా వెళ్లినా పావుగంట, ఇరవై నిమిషాలు. మీ అత్తగారికి ముంగిస కథ వచ్చా? వస్తే ముందే పిల్లలకు చెప్పించకండి. అక్కడికి వెళ్లాక, ఆ పలక ముందు కూర్చోబెట్టి అడగండి. మ్యాపులు అదిగో ఆ బల్ల మీద పెట్టాను, ఇంటికొకటి తీసుకోండి. టీ కూడా వచ్చినట్టుంది.